గైగర్ మీటరు మూడు నెలలు వాడాక: ఏది చెబుతుంది, ఏది చెప్పదు

రేడియేషన్ కొలిచే ఈ మీటరు నేను సరదాకి కొనలేదు. అమ్మకి రెండేళ్లుగా గ్రేవ్స్ థైరాయిడ్, అంటే ఆ గ్రంథి అతిగా పని చేసే జబ్బు. చేతుల వణుకు, గుండె దడ, చూస్తుండగానే పన్నెండు కిలోలు తగ్గిపోవడం, దాన్ని అదుపులో పెట్టే కార్బిమజోల్ మాత్ర వేసుకున్నన్నాళ్లు బాగానే ఉండటం, మాత్ర ఆపగానే మళ్లీ మొదటికి రావడం. చివరికి డాక్టరు గారు రేడియో అయోడిన్, అంటే రేడియేషన్ వెలువరించే అయోడిన్ మందు, ఇద్దామన్నారు. ఒక్కసారి తాగే మందు, ఆపరేషన్ అక్కర్లేదు, విజయవాడలోనే అయిపోతుంది. అంతవరకు సంతోషమే. కానీ మా ఇంట్లో మా ఆవిడకి అప్పటికి ఐదో నెల, మా నాలుగేళ్ల వాడు పుట్టినప్పట్నుంచి పడుకునేది నాయనమ్మ పక్కనే. మందు తాగి వచ్చాక గర్భిణులకి, పిల్లలకి మూడు వారాలు దూరంగా ఉండాలని కాగితం మీద రాసిచ్చారు. దూరం అంటే ఎంత? పక్క గది చాలా, పక్క ఊరు వెళ్లాలా? అడిగితే డాక్టరు గారు ఓపిగ్గానే చెప్పారు, నాకే మనసు కుదుటపడలేదు. కళ్లతో చూస్తే గానీ నమ్మని మనిషిని, అందుకే ఆన్‌లైన్‌లో వెతికి 5,800 రూపాయలు పెట్టి ఒక చిన్న గైగర్ మీటరు తెప్పించాను. కంపెనీ పేరు రాయను, ఎందుకో మధ్యలో తెలుస్తుంది.

వస్తువు పాతకాలం బటన్ ఫోనంత ఉంటుంది, కొంచెం మందం ఎక్కువ. వెనక సన్నటి చీలికలు, వాటిలోంచి చూస్తే లోపల చిటికెన వేలంత గాజు గొట్టం కనపడుతుంది. అసలు సరుకంతా ఆ గొట్టమే. గైగర్, ముల్లర్ అనే ఇద్దరు 1928లో తయారు చేసిన పద్ధతి, ఇప్పటికీ అదే నడుస్తోంది. గొట్టంలో కొద్దిగా గ్యాసు, దానికి కొన్ని వందల వోల్టుల కరెంటు. బయటి నుంచి ఒక గామా కిరణమో బీటా కణమో దూసుకొస్తే లోపలి గ్యాసు అణువుల్లోంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి, దాంతో క్షణకాలం కరెంటు పారుతుంది, మనకి 'టిక్' అని వినపడుతుంది. ఇలా ఎలక్ట్రాన్లని ఊడగొట్టగలిగే రేడియేషన్‌నే అయనీకరణ రేడియేషన్ అంటారు. మన ఒంట్లోని డీఎన్ఏని నేరుగా విరగ్గొట్టగలిగేది కూడా ఇదే. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, మిగతా రివ్యూ అంతా దీని మీదే నడుస్తుంది.

మొదటి రాత్రి సత్యనారాయణపురంలో మా హాల్లో టేబుల్ మీద పెట్టి ఆన్ చేశాను. ఏమీ లేని చోట కూడా టిక్, టిక్, కొంచెం ఆగి టిక్‌టిక్. మా ఆవిడ మొహం మారిపోయింది. "ఇంట్లో ఏదో ఉంది, చూడండి" అంది. ఏదో ఉండటం కాదు, అంతటా అలాగే ఉంటుంది. మట్టిలో, ఇటుకలో, గచ్చులో యురేనియం, థోరియం, పొటాషియం కొద్దికొద్దిగా ఉంటాయి, ఆకాశం నుంచి కాస్మిక్ కిరణాలు పడుతూ ఉంటాయి, మన ఒంట్లోని పొటాషియం నుంచే సెకనుకి నాలుగు వేల పైచిలుకు అణువులు విచ్ఛిన్నం అవుతుంటాయి. రాత్రంతా ఉంచితే సగటున నిమిషానికి 22 టిక్కులు, గంటకి 0.14 మైక్రోసీవర్టు వచ్చింది (సీవర్టు అంటే ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకి కొలత, వెయ్యి మైక్రోలు ఒక మిల్లీ). సంవత్సరానికి లెక్కేస్తే 1,200 మైక్రోసీవర్టుల పైన, అంటే సుమారు 1.2 మిల్లీసీవర్టులు. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచి వచ్చేది ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు, అందులో సగం దాకా గాలితో పీల్చుకునే రేడాన్ గ్యాసుది. రేడాన్ నుంచి వచ్చే ఆల్ఫా కణాలు ఈ గాజు గొట్టం లోపలికి వెళ్లలేవు, కాబట్టి ఆ సగం ఈ మీటరుకి కనపడదు. సున్నా చూపించే చోటు భూమి మీద లేదని నాకు అప్పుడే తెలిసింది, నిజం చెప్పాలంటే దాంతోనే సగం భయం పోయింది.

ఇక అమ్మ విషయం. ఈ అయోడిన్-131 మందుని నవీ ముంబయిలోని బ్రిట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సరఫరా చేస్తుంది. ఎనిమిది రోజులకోసారి దాని బలం సగమైపోతుంది కాబట్టి నిలవ పెట్టుకోవడం కుదరదు, ఫలానా రోజు సరుకు వస్తుంది, ఆ రోజే రండి అన్నారు. అమ్మకి ఇచ్చింది 10 మిల్లీక్యూరీలు, మందులోని రేడియోధార్మికతని కొలిచేది అందులోనే. సీసం డబ్బాలోంచి తీసిన చిన్న సీసాలో నీళ్లలాంటి మందు, స్ట్రాతో తాగించారు, రెండు నిమిషాల్లో అయిపోయింది. థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అంటే ప్రాణం, అది మంచి అయోడినా మందు అయోడినా అని చూడకుండా లాగేసుకుంటుంది. లాగేసుకున్నాక ఆ అయోడిన్ రెండు రకాల రేడియేషన్ విడుదల చేస్తుంది. ఒకటి బీటా కణాలు, ఇవి ఒంట్లో ఒకటి రెండు మిల్లీమీటర్లకి మించి పోలేవు, పని చేసేది ఇవే, అతిగా పని చేస్తున్న గ్రంథి కణాలని అక్కడికక్కడే చంపుతాయి. రెండోది గామా, ఇది చర్మం దాటి బయటికి వచ్చేస్తుంది. పక్కన ఉన్నవాళ్లు దూరంగా ఉండాల్సింది ఈ గామా కోసం. నా మీటరు పట్టుకునేదీ దీన్నే.

మా ఆవిడనీ బాబునీ అంతకు రెండు రోజుల ముందే గుంటూరు కొరిటెపాడులో మా అత్తగారింటికి పంపేశాను. ఏడో నెల రాకుండా పుట్టింటికి పంపడమేంటని పెద్దవాళ్లు గొణిగారు, పట్టించుకోలేదు.

సాయంత్రం అమ్మ ఇంటికి వచ్చి తన గదిలో మంచం మీద కూర్చుంది. టేపు తెచ్చి సరిగ్గా ఒక మీటరు కొలిచి స్టూలు మీద గైగర్ పెట్టాను. అప్పటిదాకా నింపాదిగా టిక్కుమన్నది వాన చినుకుల్లా ఆగకుండా మొదలెట్టింది. గంటకి 14 మైక్రోసీవర్టులు. ఇంట్లో మామూలుగా ఉండేదానికి వంద రెట్లు. అమ్మ ఆ చప్పుడు విని "నా దగ్గర్నుంచేనా రా అది?" అంది. ఆ గొంతు నేను మర్చిపోలేను. వెంటనే సౌండ్ ఆపేశాను, మళ్లీ ఆ గదిలో ఎప్పుడూ ఆన్ చేయలేదు. మీలో ఎవరైనా ఇలాంటి పని మీద ఈ మీటరు కొంటే, రోగి గదిలోకి వెళ్లే ముందే సౌండ్ ఆపేయండి. మెనూలో మూడో ఆప్షన్.

తర్వాత గుమ్మం దగ్గరికి జరిగాను, మూడు మీటర్లు ఉంటుంది. 1.6కి పడిపోయింది. దూరం మూడింతలైతే రేడియేషన్ తొమ్మిదో వంతు అవుతుందని ఇంటర్మీడియెట్‌లో బట్టీ పట్టిన సూత్రం, మా అమ్మ మంచానికీ గుమ్మానికీ మధ్య నిజమై కనపడింది. హాల్లో సోఫా దగ్గర దాదాపు మామూలే. ఒక మీటరు దూరంలో గంటసేపు కూర్చుని కబుర్లు చెబితే 14 మైక్రోసీవర్టులు, అంటే మా ఇంట్లో నాలుగు రోజులకి ఎలాగూ పడేది. పెద్దవాడిని, నాకు అది లెక్కలోది కాదు, రోజూ కూర్చున్నాను. కానీ బాబు నాయనమ్మని కరుచుకుని అరమీటరు లోపే పడుకుంటాడు, అక్కడ నాలుగు రెట్లు, గంటకి 56, ఎనిమిది గంటల నిద్రకి 450 దాకా. మామూలు జనానికి, ప్రకృతి నుంచీ వైద్యం నుంచీ వచ్చేది కాక, ఏడాదికి పెట్టిన పరిమితి 1,000. అంటే రెండు మూడు రాత్రుల్లో ఏడాది కోటా దాటిపోతుంది. కాగితం మీద 'పిల్లలతో కలిసి పడుకోకూడదు' అని ఒక్క లైను ఎందుకు రాశారో ఈ లెక్క వేసుకున్నాకే నాకు పూర్తిగా అర్థమైంది.

అమ్మకి కంచం, గ్లాసు, తువ్వాలు విడిగా పెట్టాం, బాత్రూమ్ ఫ్లష్ రెండుసార్లు కొట్టమన్నాం, నీళ్లు, మజ్జిగ బాగా తాగించాం, ఎందుకంటే గ్రంథి పట్టుకోని అయోడిన్ చాలావరకు మూత్రంలోనే పోతుంది. ఇక రోజూ పొద్దున కాఫీ తర్వాత అమ్మ తనే అడిగేది, "ఈరోజు ఎంతుంది రా?" అని, జ్వరం చూసుకున్నట్టు. వారానికి 5.6, రెండు వారాలకి 2.2, ఇరవై ఒకటో రోజుకి 0.9. ఎనిమిది రోజులకి సగమవ్వాల్సింది ఇంకా తొందరగా తగ్గింది, ఎందుకంటే ఒకపక్క దానంతటది క్షీణిస్తుంటే ఇంకోపక్క ఒంట్లోంచి బయటికీ పోతోంది. కాలెండర్ మీద ఆ అంకెలు అమ్మ స్వయంగా పెన్సిల్‌తో రాసుకుంది. పదో రోజు మీటరు బాగా తగ్గింది కదా అని మనవడిని తీసుకొచ్చేద్దామని అమ్మ ఆశపడింది, నేను ఒప్పుకోలేదు. డాక్టరు చెప్పిన తేదీయే తేదీ, ఈ మీటరు దానికి తోడు మాత్రమే, దాని బదులు కాదు. ఇరవై అయిదో రోజు, డాక్టరు గారికి ఫోన్ చేసి కనుక్కున్నాక, బాబుని గుంటూరు నుంచి తీసుకొచ్చాను. చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరిగెత్తాడు.

ఇంత మేలు చేసిన వస్తువుకి ఐదుకి ఐదు ఇవ్వాలి కదా, ఎందుకు ఇవ్వడం లేదో చెబుతాను.

నేను కొన్న పేజీలో ఈ మీటరు బొమ్మ పక్కన సెల్ టవరు, వైఫై రూటరు, మొబైల్ ఫోను బొమ్మలు వేసి 'అన్ని రకాల రేడియేషన్ కొలుస్తుంది' అని రాశారు. అది అబద్ధం. ఫోను, వైఫై, టవరు, మైక్రోవేవ్ ఓవెన్ ఇవన్నీ రేడియో తరంగాలు, వెలుతురు కంటే తక్కువ శక్తి ఉన్నవి. ఓవెన్ 2,450 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, వైఫై కూడా ఆ దగ్గర్లోనే, ఇంకో బ్యాండు 5 గిగాహెర్ట్జ్ దగ్గర. వీటికి అణువుల్లోంచి ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టే శక్తి లేదు, ఎంత దగ్గరగా పెట్టినా గైగర్ గొట్టం పలకదు. వేడెక్కించగలవు, ఓవెన్లో అన్నం వేడెక్కేది అందుకే.

దీని వల్ల నష్టం ఏంటో మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో చూశాను. పక్క బిల్డింగ్ మీద టవరు పెట్టారని రెండేళ్లుగా గొడవ. నా దగ్గర మీటరు ఉందని తెలిసి అందరూ టెర్రస్ మీదికి తీసుకెళ్లారు. 0.13 చూపించింది. ఒకాయన వెంటనే "చూశారా, ఏమీ లేదు" అన్నారు, ఇంకొకాయన "మీటరు పాడైంది" అన్నారు. ఇద్దరూ పొరపాటే. ఈ మీటరు టవరు గురించి మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు, దానికి అసలు కనపడదు. టవర్ల రేడియేషన్‌కి మన దేశంలో 2012లో అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు పెట్టారు, 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకి 0.45 వాట్లు. అది కొలవాలంటే వేరే రకం పరికరం కావాలి. టెలికాం శాఖ వాళ్ల తరంగ్ సంచార్ పోర్టల్ 2017 నుంచి ఉంది, అందులో దగ్గర్లోని టవరు నిబంధనల్లో ఉందో లేదో చూడొచ్చు, ఫీజు కడితే వచ్చి కొలిచే ఏర్పాటు కూడా పెట్టారు. తలా వంద రెండొందలు వేసుకుని ఆ పని చేద్దాం, వాట్సాప్‌లో తిట్టుకోవడం ఎందుకని చెప్పాను. ఫోను తరంగాలని 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 'కారకం అయ్యే అవకాశం ఉందేమో' అనే 2బీ వర్గంలో పెట్టింది, అంటే ఆధారాలు బలంగా లేవు, కొట్టిపారేయడానికీ లేదు. నేనైతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మాట్లాడతాను, ఫోను దిండు కింద పెట్టుకోను, అంతకు మించి టెన్షన్ పడను. మీ ఫోను సార్ (SAR) విలువ, అంటే దాని తరంగాల శక్తిని ఒళ్లు ఎంత పీల్చుకుంటుందో చెప్పే అంకె, చూడాలంటే స్టార్ హ్యాష్ సున్నా ఏడు హ్యాష్ కొట్టండి, కిలోకి 1.6 వాట్లు మించకూడదన్నది మన దగ్గర నియమం.

అదే మీటింగ్‌కి వచ్చిన మూడో ఫ్లోర్ పిన్నిగారి సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. ఆవిడ మెడలో నల్లటి గుండ్రటి రాయి పెండెంట్ ఉంది, గొలుసుకట్టు స్కీములో ఎవరో బంధువు అంటగట్టారు, రేడియేషన్ నుంచి కాపాడుతుంది, నెగెటివ్ అయాన్లు ఇస్తుంది, కీళ్ల నొప్పులు తగ్గుతాయి అని చెప్పి. మీటరు నా చేతిలోనే ఉంది, మెట్లు దిగుతూ ఆవిడ పక్కకి వచ్చేసరికి చప్పుడు మారింది. మొదట నమ్మలేదు. "పిన్నిగారూ, ఆ పెండెంట్ ఒక్కసారి తీసి ఇస్తారా" అని అడిగి వాళ్ల డైనింగ్ టేబుల్ మీద పెట్టాం. మీటరుని ఆనించి పెడితే నిమిషానికి 200 పైన టిక్కులు, 22 ఉండాల్సిన చోట. వంటింట్లోంచి స్టీలు పళ్లెం తెప్పించి మధ్యలో పెడితే 60కి దిగింది, అంటే ఎక్కువ భాగం బీటా, పళ్లెం దాటి వచ్చింది గామా. తెరమీద 1.3 మైక్రోసీవర్టులు అని వేసింది గానీ బీటా కలిసినప్పుడు ఆ అంకెని అలాగే నమ్మకూడదు, టిక్కులే చూడాలి.

అది మాయ కాదు. ఇలాంటి కొన్ని పెండెంట్లలో థోరియం, యురేనియం ఉన్న ఖనిజం పొడి కలుపుతారు. ఆ రేడియోధార్మికత చుట్టూ గాలిని అయనీకరిస్తుంది, వాళ్లు చెప్పే 'నెగెటివ్ అయాన్లు' వచ్చేది అలాగే. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ ఇలాంటి పది వస్తువులని పరీక్షించి, 5జీ నుంచి కాపాడతాయని అమ్ముతున్న గొలుసులు, కళ్లకి కట్టుకునే మాస్కు లాంటివి రేడియోధార్మికమైనవని, వాడటం ఆపేయమని హెచ్చరించింది. పిన్నిగారు ఆరేళ్లుగా రాత్రీ పగలూ తీయకుండా వేసుకున్నారు. ఒక్కరోజుకి అది పెద్ద మోతాదు కాదు, ప్రాణం మీదికి వచ్చేదీ కాదు, ఆ మాట ఆవిడకి పదిసార్లు చెప్పాను. కానీ ఏళ్ల తరబడి ఒకే చోట చర్మానికి ఆనించుకుని ఉండటానికి ఒక్క మంచి కారణం కూడా లేదు. "మనవరాలు దీన్ని నోట్లో పెట్టుకునేది బాబూ" అని ఆవిడ కుర్చీలో కూలబడింది. పెండెంట్‌ని రేకు డబ్బాలో పెట్టి అటక మీద ఒక మూలకి చేర్చాం. మీ ఇళ్లలో అమ్మల మెడలో, నాన్నల జేబులో ఇలాంటి రాళ్లు, కార్డులు ఉంటే మీటరు లేకపోయినా సరే, తీయించేయండి.

ఫోను వెనక అంటించే బంగారు రంగు చిప్ స్టిక్కర్లు కూడా పిన్నిగారి ఇంట్లో నాలుగున్నాయి. మీటరు వాటి దగ్గర పలకలేదు, అంతవరకు నయం. పని చేస్తాయా అంటే, వంటింట్లో అల్యూమినియం ఫాయిల్‌లో ఫోను పూర్తిగా చుట్టి కాల్ చేసి చూడండి, కవరేజ్‌లో లేరంటుంది, తరంగాలు ఆగడం అంటే అది. స్టిక్కర్ వేసినా తీసినా సిగ్నల్ గీతలు మారలేదు. ఒకవేళ నిజంగా కొంత ఆపినా ఫోను టవరుని అందుకోవడానికి ఇంకా ఎక్కువ పవరు పెంచుకుంటుంది, కాబట్టి ఎటు చూసినా డబ్బు దండగ.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన వెల్డింగ్ షాపుకి కూడా పట్టుకెళ్లాను, ఈ మీటరు బలమూ బలహీనతా రెండూ అక్కడే తేలాయి. ఆర్క్ వెల్డింగ్ చేస్తుంటే రెండు గజాల దూరంలో పెట్టాను, కదల్లేదు. కానీ ఆ మంటలోంచి వచ్చే అల్ట్రావయొలెట్ ఎంత పనైనా చేస్తుంది. అద్దం అడ్డం పెట్టుకోకుండా పని చేసిన కుర్రాడికి పగలంతా ఏమీ తెలియదు, రాత్రి పదకొండు గంటలకి కళ్లల్లో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు, వెలుతురు చూడలేడు. కంటి నల్లగుడ్డు మీది పొర ఎండకి కమిలినట్టు కమలడమే అది. మే నెలలో మన బెజవాడ ఎండలో ఉన్నది కూడా ఈ యూవీయే, ఈ మీటరు దాన్నీ చూడదు. అక్కడ ఇది మౌనంగా ఉంటే మీరు ధైర్యపడకూడదు, ముదురు అద్దం పెట్టుకోవాలి.

అదే షాపులో టిగ్ వెల్డింగ్ బల్ల మీద ఎర్ర రంగు చివరున్న టంగ్‌స్టన్ రాడ్ల ప్యాకెట్ ఉంది. ఊరికే దాని మీద పెట్టాను. 140 దాటింది. మేస్త్రీ చేతిలో గ్రైండర్ ఆపేసి వచ్చాడు. ఎర్ర చివర అంటే అందులో 2 శాతం థోరియం ఆక్సైడు కలిపారని, ఆర్క్ నిలకడగా రావడానికి. ప్యాకెట్ బల్ల మీద ఉంటే పెద్ద ప్రమాదం లేదు, ఒక గజం దూరంలో మీటరు మళ్లీ మామూలే. భయపడాల్సింది గ్రైండర్ మీద ఆ రాడ్ మొన తీసేటప్పుడు లేచే దుమ్ము. థోరియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు బయట ఉంటే కాగితం ముక్క ఆపేస్తుంది, మన చర్మమే ఆపేస్తుంది, కానీ దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోయి కూర్చుంటే అక్కడ అడ్డు ఏమీ లేదు, పక్క కణాలని అన్నిటికంటే గట్టిగా కొట్టేది ఆల్ఫాయే. "సార్, ఇరవై ఏళ్లుగా ఇవే అరగదీస్తున్నా, ఎవరూ చెప్పలేదు" అన్నాడు. లాంథనం కలిపినవి, బంగారు రంగు లేదా నీలం చివరవి, దొరుకుతాయి, పని దాదాపు అంతే బాగా చేస్తాయి. ఆ వారమే మార్చాడు, మిగిలిన ఎర్రవి అయ్యేదాకా మాస్కు పెట్టుకుని దుమ్ము లాగే ఫ్యాను ముందు చేస్తున్నాడు. నా 5,800లో సగం ఆ ఒక్క మధ్యాహ్నానికే చెల్లిపోయిందని నా లెక్క.

మిగతావి గబగబా చెప్పేస్తాను. దుగ్గిరాల దగ్గర మామయ్యగారి పొలం కొట్టులో పొటాష్ బస్తాల మీద 38 టిక్కులు వచ్చాయి, పొటాషియంలో పదివేలకి ఒకటి చొప్పున సహజంగానే రేడియోధార్మిక అణువు ఉంటుంది, అదేమీ హాని కాదు, అరటిపండులో ఉన్నదీ అదే. మా వంటింటి నల్ల గ్రానైటు మీద తేడా లేదు. చీమకుర్తి గెలాక్సీని అందరం గ్రానైటు అంటాం గానీ అది గాబ్రో జాతి రాయి, యురేనియం, థోరియం ఎర్ర రాళ్లలో కంటే తక్కువ. అత్తగారింటి ఎర్ర గ్రానైటు మెట్ల మీద కొద్దిగా ఎక్కువ వచ్చింది, దాని కోసం మెట్లు పగలగొట్టక్కర్లేదు. బూడిద ఇటుకల గోడ మీద నాకు తేడా పట్టుబడలేదు.

స్కానింగ్ సెంటర్లకి ఈ మీటరు తీసుకెళ్లకండి. ఎక్స్‌రే సెకనులో చిన్న భాగం మాత్రమే వెలుగుతుంది, ఆ కాస్త సమయంలో వచ్చే వరదని ఈ గొట్టం లెక్కపెట్టలేదు, ఒకటి రెండు టిక్కులు కొట్టి ఊరుకుంటుంది, మీరు ఏమీ లేదనుకుంటారు. అక్కడ పని చేసేవాళ్ల చొక్కాకి ఉండే టీఎల్‌డీ బ్యాడ్జి వేరే సంగతి, అది మొత్తం మోతాదుని దాచుకుంటుంది, మూడు నెలలకోసారి పంపి చదివిస్తారు. పోయిన ఏడాది బాబుకి ఛాతీ ఎక్స్‌రే తీయించినప్పుడు ఒక సెంటర్లో తలుపు సగం తెరిచే ఉంది, వాడిని పట్టుకోమని నన్ను లోపల నిలబెట్టి సీసం ఏప్రాన్ ఇవ్వలేదు. అప్పుడు అడగాలని నాకు తెలియదు. ఇప్పుడు అడుగుతాను, మీరూ అడగండి. ఒక ఛాతీ ఎక్స్‌రే 0.1 మిల్లీసీవర్టు లేదా అంతకంటే తక్కువ, కాబట్టి డాక్టరు రాస్తే మానొద్దు. పొట్ట సీటీ అయితే 8 నుంచి 10 దాకా, అంటే వంద ఎక్స్‌రేల మాట. మన దగ్గర తలనొప్పికి కూడా 'ఎందుకైనా మంచిది, సీటీ తీయండి' అని మనమే అడుగుతాం, టవరు గురించి రెండేళ్లు కొట్లాడినవాళ్లం దీని గురించి ఒక్క ప్రశ్న వేయం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఎంఆర్ఐలో, అల్ట్రాసౌండ్‌లో అయనీకరణ రేడియేషన్ అసలు లేదు, ఒకటి అయస్కాంతం, రేడియో తరంగాలు, రెండోది శబ్దం. మా ఆవిడ టిఫా స్కాన్‌కి, అంటే కడుపులో బిడ్డ అవయవాలు చూసే అల్ట్రాసౌండ్‌కి, వెళ్లనని రెండు రోజులు మొండికేసింది, బిడ్డకి రేడియేషన్ తగులుతుందని ఎవరో చెప్పారట. మీటరుతో చూపించే విషయం కాదు కాబట్టి కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. స్కాన్ అయింది, బిడ్డ బాగుంది.

వస్తువుగా చూస్తే లోపాలు. మాన్యువల్ ఇంగ్లిష్‌లో, చీమల్లాంటి అక్షరాలు. అంకె నిలకడగా ఉండదు, 0.09 చూపించి మరుక్షణం 0.21 అంటుంది. ఇది పాడవడం కాదు, అణువులు చెప్పిన టైముకి విచ్ఛిన్నం కావు, అందుకే పది నిమిషాల సగటు చూడాలి, కానీ ఆ మాట మాన్యువల్‌లో ఎక్కడా లేదు. అలారం 0.5 దగ్గర పెట్టి వస్తుంది. అంకెలు సరిగ్గా చూపిస్తోందని పరీక్షించి ఇచ్చే క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ లేదు, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ఒరిజినల్ ప్రొడక్టే సార్" అన్నారు, నేను అడిగింది అది కాదు. అంకెల్లో పది ఇరవై శాతం అటూఇటూ ఉంటుందనుకునే వాడుతున్నాను. బ్యాటరీ సౌండ్ ఆపితే రెండు రోజులు వస్తుంది, బాగుంది. చార్జింగ్ పిన్ పాతకాలం మైక్రో రకం, ఇంట్లో ఆ వైరు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఐదుకి మూడున్నర. ఒక మార్కు ఆ అమ్మకం పేజీలోని అబద్ధానికి తీసేశాను, అర మార్కు మాన్యువల్‌కి. ఫోను, టవరు భయంతో కొనేవాళ్లు కొనకండి, మీకు ఇది ఏమీ చెప్పదు. టిగ్ వెల్డింగ్ షాపులు నడిపేవాళ్లు కలిసి ఒకటి కొనుక్కోండి. అయోడిన్ మందు తాగి ఇంటికి వచ్చేవాళ్లు ఉంటే మాత్రం కొననక్కర్లేదు, మూడు వారాల పని అది. సత్యనారాయణపురం చుట్టుపక్కల ఉంటే కింద కామెంట్లో చెప్పండి, నాది తీసుకెళ్లండి, సౌండ్ ఆపేసే ఇస్తాను. చార్జింగ్ వైరు కూడా అందులోనే పెడతాను.